ఒకటిన్నర గ్రాము మందు: .223 తూటాకి పౌడర్ ఎంచుకోవడం ఎలా?

టెక్సస్‌లో మేముండే ఊరి తుపాకుల దుకాణంలో ఒక గోడంతా తుపాకి మందు డబ్బాలే. కొత్తగా హ్యాండ్‌లోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముడొకడు పోయిన డిసెంబర్‌లో ఆ గోడ ముందు నిలబడి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఇక్కడ ముప్పై రకాలు కనిపిస్తున్నాయి. మన .223కి బెస్ట్ ఏదో ఒక్క పేరు చెప్పు, పట్టుకొచ్చేస్తా."

నేను పేరు చెప్పలేదు. తిరిగి నేనే ప్రశ్నలు వేశాను. బుల్లెట్ బరువెంత? బ్యారెల్ ట్విస్ట్ (బుల్లెట్‌ని తిప్పే లోపలి గాళ్ల మెలిక) ఎంత? ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగే బోల్ట్ రైఫిలా, తర్వాతి తూటా తనే ఎక్కించుకునే ఏఆర్-15 తరహాదా? ఒక్కో తూటాకీ మందు తూచి పోస్తావా, లేక ఒక్క సిట్టింగ్‌లో మూడు వందలు నింపేద్దామనా? ఎక్కువగా కాల్చేది ఎండాకాలమా, చలికాలమా? "డబ్బా కొనడానికి ఇంత ఇంటర్వ్యూ ఏంటన్నా?" అన్నాడు. వాడికి ఆ రోజు ఫోన్‌లో హడావిడిగా చెప్పింది ఇక్కడ నిదానంగా చెబుతాను.

ముందు ఒక ముఖ్యమైన మాట. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడం చట్టబద్ధమైన హాబీ. ఇండియాలో అలా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం, శిక్ష కూడా చాలా పెద్దది. ఇక్కడుండి రేంజ్‌కి వెళ్లే మనవాళ్ల కోసం, తూటాలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

హ్యాండ్‌లోడింగ్ అంటే కాల్చేసిన ఇత్తడి కేస్‌ని పారేయకుండా మళ్లీ వాడుకోవడం. కాల్చినప్పుడు ఉబ్బిన కేస్‌ని డై‌లో (అంటే ఉక్కు అచ్చులో) నొక్కి పాత కొలతకు తెస్తాం. అడుగున మందుని అంటించే కొత్త ప్రైమర్ పెడతాం, లోపల కొలిచిన మందు పోస్తాం, మూతి మీద కొత్త బుల్లెట్ దిగ్గొడతాం. కొంత డబ్బు ఆదా అవుతుంది. అంతకంటే పెద్ద లాభం, మన రైఫిల్‌కి సరిగ్గా నప్పే తూటా మనమే తయారు చేసుకోగలగడం. కేస్, ప్రైమర్, బుల్లెట్, మందు అనే ఈ నాలుగింటిలో కొత్తవాళ్లను ఎక్కువ తికమకపెట్టేది మందే. పొరపాటు జరిగితే ఎక్కువ ప్రమాదం తెచ్చేదీ అదే.

పేలదు, కాలుతుంది

తుపాకి మందు అనగానే మనకు దీపావళి గుర్తొస్తుంది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్ల మందు అది. ఇప్పటి రైఫిల్ తూటాల్లో ఉండేది వేరు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేల్ అనే రసాయన శాస్త్రవేత్త నైట్రోసెల్యులోజ్‌తో పొగ రాని మందు తయారు చేశాడు. నైట్రోసెల్యులోజ్ అంటే పత్తిలోనో కలపలోనో ఉండే సెల్యులోజ్‌ని నైట్రిక్ ఆమ్లంతో మార్చిన పదార్థం. 1887లో ఆల్ఫ్రెడ్ నోబెల్ దానికి నైట్రోగ్లిజరిన్ కలిపాడు. ఇప్పటికీ గోడ మీది డబ్బాలన్నీ దాదాపుగా ఈ రెండు వంశాలవే. నైట్రోసెల్యులోజ్ ఒక్కటే ఆధారమైతే సింగిల్ బేస్, నైట్రోగ్లిజరిన్ కూడా కలిస్తే డబుల్ బేస్.

మందు తూటాలో బాంబులా పేలుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కాలుతుంది, అంతే. ఆరుబయట కొద్దిగా పోసి అంటిస్తే పసుపు రంగు మంటతో భగ్గున కాలిపోతుంది, చప్పుడు ఉండదు. అదే మందు మూసిన కేస్‌లో కాలితే కథ మారిపోతుంది. పుట్టిన వాయువుకి పోయే దారి లేక ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ మందు ఇంకా వేగంగా కాలుతుంది. వేగంగా కాలేకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకునే ఈ పరుగుకు కళ్లెం వేసేది ముందుకు కదిలే బుల్లెట్. అది బ్యారెల్‌లో ముందుకు జరిగేకొద్దీ వెనక వాయువుకి చోటు దొరుకుతుంది.

మందు ఎంపిక మొత్తం ఈ పోటీ చుట్టూనే తిరుగుతుంది. వాయువు పుట్టే వేగానికీ, బుల్లెట్ చోటిచ్చే వేగానికీ పొత్తు కుదరాలి. మందు మరీ త్వరగా కాలితే బుల్లెట్ కదిలేలోపే ఒత్తిడి హద్దు దాటుతుంది. మరీ నిదానంగా కాలితే బుల్లెట్ బయటికి పోయాక కూడా సగం మందు కాలుతూనే ఉంటుంది, గొట్టం చివర మంట తప్ప ఏమీ మిగలదు. ఇదంతా జరిగే సమయం సెకనులో వెయ్యో వంతు, అటూ ఇటూ. .223 రెమింగ్టన్‌కి అమెరికా పరిశ్రమ ప్రమాణాల సంస్థ పెట్టిన గరిష్ఠ సగటు ఒత్తిడి 55,000 పీఎస్‌ఐ. మన కారు టైర్లో ఉండేది 35 పీఎస్‌ఐ లోపు. టైరు కంటే పదిహేను వందల రెట్లకు పైగా ఒత్తిడి, చెంపకు జానెడు దూరంలో. అందుకే ఈ విషయంలో నేను ఎవరితోనూ సరదాగా మాట్లాడను.

పలుకు ఆకారం

మందు కాలే వేగాన్ని రసాయనం ఎంత నిర్ణయిస్తుందో, పలుకు ఆకారం కూడా దాదాపు అంతే నిర్ణయిస్తుంది. కట్టెల పొయ్యి చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకే చెట్టు కలప, ఒకే బరువు. చితుకులు పెడితే భగ్గున మండి నిమిషంలో బూడిద అవుతాయి. దుంగ పెడితే గంటల తరబడి నిలబడి కాలుతుంది. తేడా అంతా గాలికి తగిలే పైభాగం ఎంతుందన్న దాంట్లోనే.

రైఫిల్ మందుల్లో ముఖ్యంగా రెండు రూపాలు కనిపిస్తాయి. ఒకటి పుల్ల మందు. పెన్సిల్ ముల్లులా సన్నగా తీసి చిన్న ముక్కలుగా కోసినది. చాలా రకాల్లో మధ్యలో సన్నటి రంధ్రం కూడా ఉంటుంది. బయట నుంచి కాలుతూ పుల్ల సన్నబడుతుంటే, లోపల రంధ్రం కాలుతూ పెద్దదవుతుంది. బయట తగ్గిన మంటను లోపలి మంట పూడుస్తుంది కాబట్టి వాయువు సమానంగా వస్తుంది. రెండోది బాల్ పౌడర్, ఆవగింజల కంటే చిన్న గుండ్లు. 1930లలో అమెరికాలో ఫ్రెడ్ ఓల్సెన్ ఈ పద్ధతిని కనిపెట్టాడు. గుండు కాలేకొద్దీ చిన్నదవుతుంది, కాలే పైభాగం తగ్గిపోతుంది. అంటే మొదట్లోనే ఎక్కువ వాయువు, తర్వాత తక్కువ. మనకు కావలసింది దీనికి తిరగేసి. అందుకే బాల్ పౌడర్ పలుకుల పైపొరలో మంటను అణచే రసాయనాలు ఎక్కువగా పట్టిస్తారు. పైన గ్రాఫైట్ పూత వేస్తారు. మందు నల్లగా నిగనిగలాడేది దానివల్లే. ఆ పూత వల్ల పలుకులు ఒకదానికొకటి అంటుకోవు, స్టాటిక్ కరెంటు చేరదు.

ఒకే మూతి ఉన్న మూడు పాత్రలు

ఇంచులో 0.224 వంతు వ్యాసం ఉన్న బుల్లెట్ వాడే తూటాలు చాలా ఉన్నాయి. మూడింటిని పక్కపక్కన పెట్టి చూడండి. .22 హార్నెట్ చిన్న చెంబు లాంటిది, .223 రెమింగ్టన్ బిందె, .220 స్విఫ్ట్ పెద్ద కాగు. మూడింటికీ మూతి మాత్రం ఒకటే.

చెంబులో పట్టేదే కొంచెం మందు. ఆ కొంచెం త్వరగా కాలకపోతే బుల్లెట్‌ని తోసేంత ఒత్తిడే పుట్టదు. అందుకే హార్నెట్‌కి మాగ్నమ్ పిస్టల్ తూటాల్లో వాడే వేగమైన మందులు నప్పుతాయి. కాగులో బోలెడంత మందు పడుతుంది, అదంతా ఆ ఇరుకు మూతిలోంచే బయటపడాలి. అక్కడ హార్నెట్ మందు పోస్తే రైఫిల్ ముక్కలవుతుంది. నిదానంగా కాలేదే కావాలి. 1964లో మార్కెట్లోకి వచ్చిన .223 ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. మధ్యస్థమైన మందుల్లో వేగంవైపు ఉన్నవి దాని సొత్తు. ఇందులో పట్టేది సుమారు 25 గ్రెయిన్లు, అంటే ఒకటిన్నర గ్రాము పైచిలుకు. పౌండులో 7,000 గ్రెయిన్లు కాబట్టి ఒక పౌండు డబ్బాతో 280 తూటాలు వస్తాయన్నమాట. ఇది బడ్జెట్ వేసుకోవడానికి చెప్పిన లెక్క మాత్రమే, మోతాదు కాదు.

పాత్ర ఒకటే అయినా బుల్లెట్ మారితే మందు మారుతుంది. 40 గ్రెయిన్ల తేలిక బుల్లెట్ ఇట్టే కదిలి చోటిస్తుంది. కాబట్టి కాస్త త్వరగా కాలే హెచ్322, బెంచ్‌మార్క్, ఫిన్లాండ్‌లో తయారయ్యే విహ్తావురి ఎన్133 లాంటివి దానితో బాగా కలుస్తాయి. 77 గ్రెయిన్ల బరువు బుల్లెట్ బద్ధకంగా కదులుతుంది. పైగా పొడుగ్గా ఉండి కేస్ లోపలికి దిగి మందు చోటు కొంత ఆక్రమిస్తుంది. దానికి వార్గెట్, రీలోడర్ 15, ఎన్140 లాంటి నిదానపు మందులు కావాలి. 55 గ్రెయిన్ల దగ్గర హెచ్335, వించెస్టర్ 748, 4895 నంబరున్న రెండు మందులు (హెచ్, ఐఎంఆర్) అన్నీ పనికొస్తాయి. ట్విస్ట్ గురించి అడిగింది కూడా ఇందుకే. 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే పాత బ్యారెల్ 77 గ్రెయిన్ల బుల్లెట్‌ని నిలకడగా తిప్పలేదు. 7 లేదా 8 అంగుళాల ట్విస్ట్ ఉంటేనే ఆ బుల్లెట్, ఆ మందు మాట ఎత్తాలి.

కేస్ ఎంత నిండుతుందన్నది కూడా చూడాలి. మందు కేస్‌ని దాదాపు నింపేస్తే రెండు లాభాలు. ప్రతిసారీ ప్రైమర్ మంట ఒకే రకంగా తగులుతుంది. పొరపాటున రెండోసారి పోస్తే పొర్లిపోయి కంటికి కనబడుతుంది. ఈ రెండో లాభం కోసమే కొత్తవాళ్లకు నేను ఎప్పుడూ కేస్ నిండే మందునే సూచిస్తాను.

పట్టిక అనే ఉచ్చు

ఇంటర్నెట్‌లో బర్న్ రేట్ (మందు కాలే వేగం) పట్టికలు దొరుకుతాయి. వేగమైన మందు పైన, నిదానమైనది కింద, నూటికి పైగా పేర్లు వరుసగా. తమ్ముడు కూడా అది డౌన్‌లోడ్ చేసుకున్నాడు. "వార్గెట్ లేదన్నా, పట్టికలో దాని కింద ఉన్నది తీసుకుని అదే కొలత పోసేస్తే సరిపోతుందిగా?" అన్నాడు. ఈ ఒక్క ఆలోచన మనసులోంచి తీసేయించడానికే ఈ వ్యాసం రాయాలనిపించింది.

ఆ పట్టిక చెప్పేది వరుస మాత్రమే. పందెంలో ఎవరు మొదట వచ్చారో చెబుతుంది, ఎంత దూరంతో గెలిచారో చెప్పదు. పక్కపక్కన ఉన్న రెండు మందుల మధ్య తేడా వెంట్రుకవాసి కావచ్చు, చాలా పెద్దదీ కావచ్చు. పైగా ఆ వరుస ఒక పరీక్షలో వచ్చింది. మందు కాలే వేగం ఒత్తిడిని బట్టి మారుతుంది కాబట్టి తూటా మారితే రెండు మందులు స్థానాలు మార్చుకోవచ్చు కూడా. పట్టిక పనికొచ్చేది ఒక్కదానికే: మన తూటాకి ఏ పేటలో వెతకాలో తెలుసుకోవడానికి. మోతాదు మాత్రం హ్యాండ్‌లోడింగ్ మోతాదుల పుస్తకంలో ఆ మందు పేరుకి ఎదురుగా ఉన్నదే.

పేర్లు ఇంకో చిక్కు. బియ్యం కొట్టుకి వెళ్తే మనకిది అనుభవమే. సోనా మసూరి అని రాసున్న రెండు బస్తాల్లో రెండు రకాల బియ్యం ఉంటాయి. వేరే వేరే బ్రాండు పేర్లున్న రెండు బస్తాల్లో ఒకే మిల్లు బియ్యం ఉంటుంది. మందు డబ్బాలూ అంతే. హెచ్414, వించెస్టర్ 760 అన్నవి ఒకే మందుకి రెండు పేర్లు. హెచ్110, వించెస్టర్ 296 కూడా అంతే. కానీ హెచ్4831, ఐఎంఆర్ 4831 ఒకటి కావు, ఐఎంఆర్‌ది వేగమైనది. హెచ్4895, ఐఎంఆర్ 4895 కూడా వేరే వేరే మందులు. నంబర్ ఒకటైనంత మాత్రాన మోతాదు ఒకటి కాదు. ఈ గందరగోళానికి చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిగిలిపోయిన సైనిక మందును బ్రూస్ హాడ్జ్‌డన్ టన్నుల కొద్దీ కొని వేటగాళ్లకు అమ్మాడు (హెచ్ అన్న అక్షరం ఆయన పేరుదే, ఐఎంఆర్ వేరే బ్రాండు). అందులో మొదటిది 4895. ఆ సరుకు అయిపోయాక అదే నంబర్‌తో కొత్తగా తయారు చేయించారు. అలా ఒకే నంబర్ రెండు ఇళ్లలో స్థిరపడిపోయింది. డబ్బా మీద నంబర్ ముందున్న అక్షరాలు చదవకుండా మూత తీయకండి.

ఒక సైన్యం మందు మార్చినప్పుడు

మందు మార్చడం చిన్న విషయం అనుకునేవాళ్లకు నేను అమెరికా సైన్యపు ఎం16 రైఫిల్ కథ చెబుతాను. మన .223 తూటాని, ఆ రైఫిల్‌ని ఐఎంఆర్ 4475 అనే పుల్ల మందుతో అభివృద్ధి చేశారు. సైన్యం కోరిన బుల్లెట్ వేగాన్ని ఒత్తిడి హద్దు దాటకుండా లక్షల తూటాల్లో నిలబెట్టడం ఆ మందుతో కష్టమైంది. 1964లో డబ్ల్యూసీ 846 అనే బాల్ పౌడర్‌కి అనుమతి ఇచ్చారు. కాగితం మీద అన్నీ సరిపోయాయి. బుల్లెట్ వేగం వచ్చింది, గరిష్ఠ ఒత్తిడి హద్దులోనే ఉంది.

కానీ ఎం16 పనిచేసేది బ్యారెల్‌లోంచి ఒక చిన్న రంధ్రం ద్వారా తీసుకునే వాయువుతో. ఆ వాయువే, తూటా వెనక తలుపులా మూసుకునే బోల్ట్‌ని వెనక్కి తోసి, ఖాళీ కేస్‌ని బయటికి లాగుతుంది. కొత్త మందు వల్ల బుల్లెట్ ఆ రంధ్రం దాటే క్షణానికి అక్కడ ఒత్తిడి ఎక్కువగా ఉండేది. బోల్ట్ ఉండాల్సిన దానికంటే వేగంగా ఆడింది, కేస్‌ని తొందరపడి లాగింది. దాంతోపాటు, మందు పాడవకుండా అందులో కలిపే కాల్షియం కార్బొనేట్ గ్యాస్ ట్యూబులో పేరుకుంది. ఛాంబర్‌కి (తూటా కూర్చునే చోటికి) క్రోమ్ పూత లేదు. శుభ్రం చేసే సామాను అందరికీ అందలేదు. ఇవన్నీ కలిసి వియత్నాం అడవుల్లో రైఫిళ్లు మధ్యలో మొరాయించాయి. అలా మొరాయించిన రైఫిళ్లు చేతిలో ఉండగా సైనికులు చనిపోయారు. 1967లో రిచర్డ్ ఇకోర్డ్ అధ్యక్షతన అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం దీన్ని విచారించి, మందు మార్పును పెద్ద కారణంగా ఎత్తి చూపింది. తర్వాత ఛాంబర్‌కి క్రోమ్ వేశారు, బోల్ట్ వేగాన్ని అదుపు చేసే బఫర్ మార్చారు, మందులో కాల్షియం కార్బొనేట్ తగ్గించారు. అలా తగ్గించిన డబ్ల్యూసీ 844కి మార్కెట్లో ఉన్న దగ్గరి బంధువే మన హెచ్335. అంటే బాల్ పౌడర్‌లో దోషం ఉందని కాదు. ఆ తుపాకికి, ఆ మందుకు పొత్తు కుదరిందో లేదో చూడకుండా మార్చడంలో ఉంది దోషం.

ఎం16 లాగే వాయువుతో పనిచేసే ఏఆర్-15 ఉన్నవాళ్లకు ఇందులోంచి వచ్చే పాఠం సూటిగా ఉంటుంది. గరిష్ఠ ఒత్తిడి ఒక్కటే చూస్తే చాలదు, గ్యాస్ రంధ్రం దగ్గర ఏముందో కూడా లెక్కే. మరీ నిదానపు మందులు వద్దు. బోల్ట్ రైఫిల్‌కి ఈ బాధ లేదు కాబట్టి ఎంపిక కాస్త విశాలం.

తూకం, చేతి పని

గ్రెయిన్ అంటే మొదట్లో బార్లీ గింజ బరువు. మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచినట్టే వాళ్లు బార్లీ గింజతో తూచారు. ఒక గురివింద గింజ రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ తూగుతుంది. మనం త్రాసు మీద చూసే 0.1 గ్రెయిన్ అంటే ఆరున్నర మిల్లీగ్రాములు, గురివింద గింజలో ఇంచుమించు ఇరవయ్యో వంతు. పుల్ల మందులో అది నాలుగైదు పలుకులు.

బాల్ పౌడర్ ఇక్కడ గెలుస్తుంది. పౌడర్ మెజర్ (మందు కొలిచి పోసే పరికరం) పిడి తిప్పితే సన్నటి ఇసుకలా జారుతుంది. ప్రతిసారీ దాదాపు ఒకే బరువు పడుతుంది. పొడుగు పుల్లల మందు తిప్పితే మధ్యలో పిడి పట్టేస్తుంది, "కరక్" మని పలుకులు తెగుతున్న చప్పుడు వస్తుంది. తూకం కొంచెం అటూ ఇటూ అవుతుంది. మొదటి ఏడాది నాకు ఒకసారి పుల్లలు గరాటు గొంతులో అడ్డంపడి ఆగిపోయాయి. నేను గమనించలేదు. ఒక కేస్‌లో సగమే పడింది. తర్వాతి కేస్‌లో దాని వాటా కూడా కలిసి పడి, మూతి మీంచి పొర్లి బల్ల మీద చెల్లాచెదురైంది. పొర్లింది కాబట్టి బతికిపోయాను. ఆ రోజు నుంచి యాభై కేస్‌లు ట్రేలో నిలబెట్టి, బుల్లెట్ పెట్టేముందు టార్చి వేసి ఒక్కో కేస్‌లోకి వంగి చూస్తాను. యాభై మూతుల్లోనూ మందు మట్టం ఒకే లోతులో కనబడాలి. ఒక్కటి తేడాగా ఉన్నా ట్రే మొత్తం తిరగబోసి మళ్లీ మొదలుపెడతాను. భోజనం చల్లారిపోయినా సరే.

మందు మరీ తక్కువైనా ప్రమాదమే. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుపోవచ్చు. అది తెలియక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ చీలిపోతుంది. అందుకే పుస్తకంలో ఇచ్చిన ప్రారంభ మోతాదు కంటే కిందికి పోకూడదు. తగ్గించి కాల్చుకోవాలనుకునేవాళ్లకు హెచ్4895కి ఆ కంపెనీయే ప్రత్యేకంగా అనుమతి ఇస్తుంది, గరిష్ఠ మోతాదులో 60 శాతానికి తగ్గకుండా. ఆ సడలింపుని ఇంకో మందుకి వర్తింపజేయకూడదు.

ఎండ, చలి

టెక్సస్‌లో ఆగస్టు మధ్యాహ్నం ఎండ ఎలా ఉంటుందో రామగుండంలో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. మందు వేడెక్కితే వేగంగా కాలుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. జనవరి చలిలో గరిష్ఠ మోతాదు దగ్గర బాగా పనిచేసిన తూటా, జూలైలో కారు డ్యాష్‌బోర్డు మీద గంట ఉన్నాక హద్దు దాటవచ్చు. వరసగా ఇరవై కాల్చి, కాలిపోతున్న ఛాంబర్‌లో తూటా పెట్టి మాటల్లో పడితే కూడా అంతే. ఈ మార్పు కొన్ని మందుల్లో తక్కువగా ఉండేలా తయారు చేశారు. హాడ్జ్‌డన్ వాళ్ల వార్గెట్, హెచ్4895, హెచ్322, బెంచ్‌మార్క్ ఆ కోవలోవే, ఆస్ట్రేలియాలో తయారవుతాయి. హెచ్335 లాంటి పాత బాల్ పౌడర్లు వాతావరణానికి ఎక్కువగా స్పందిస్తాయి. బాగా చలిలో బాల్ పౌడర్ అంటుకోవడానికి కొన్ని పుస్తకాలు మాగ్నమ్ ప్రైమర్ సూచిస్తాయి. ప్రైమర్ మారితే ఒత్తిడి కూడా మారుతుంది, మళ్లీ ప్రారంభ మోతాదు నుంచి మొదలుపెట్టాల్సిందే.

అసలు ఏ ఒక్కటి మారినా మొదటి నుంచే. రెండు పుస్తకాల్లో ఒకే మందుకి వేరే వేరే గరిష్ఠాలు కనబడితే ఎవరో అబద్ధం చెప్పారని కాదు. వాళ్ల బ్యారెల్ వేరు, కేస్ వేరు, బుల్లెట్ ఆకారం వేరు. మన రైఫిల్ ఆ రెండింటిలో ఏదీ కాదు. కింది నుంచి చిన్న చిన్న మెట్లుగా ఎక్కుతూ, ప్రతి మెట్టు దగ్గర ఆగి చూడాలి. ప్రైమర్ చదునుగా అణిగిందా, కేస్ అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ని బయటికి విసిరే ముక్క) ముద్ర పడిందా, బోల్ట్ ఎత్తడం బరువైందా అని. అయితే ఈ గుర్తులు ఆలస్యంగా వస్తాయి. అవి కనబడే సరికి సాధారణంగా హద్దు దాటేసి ఉంటాం. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఇంకా ముందే హెచ్చరిస్తుంది. పుస్తకం చెప్పిన వేగం కంటే నా వేగం ఎక్కువగా వస్తే, ప్రైమర్ ఎంత అందంగా కనబడినా నేను అక్కడే ఆగుతాను. ఊరికే వచ్చే వేగం ఉండదు. దానికి సరిపడా ఒత్తిడి ఎక్కడో పెరిగే ఉంటుంది.

దొరికినదే మందు

2020 తర్వాత ఈ గోడలు నెలల తరబడి ఖాళీగా ఉండటం, ధరలు దాదాపు రెట్టింపు కావడం చూశాం. కాబట్టి ఎంపికలో నిజాయితీగా చేర్చాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది మళ్లీ దొరుకుతుందా? బుల్లెట్లన్నీ ఒకే చోట గుంపుగా తగిలేలా చేసే మందు ఏడాదికి ఒక డబ్బా దొరికితే, దానికంటే కాస్త తక్కువైనా ఎప్పుడూ దొరికేదే నయం. పుస్తకంలో మన బుల్లెట్ కింద నాలుగైదు పేర్లు ముందే గుర్తుపెట్టుకుని వెళ్తే, దుకాణంలో టెన్షన్ ఉండదు. ఒక తయారీ విడతకీ ఇంకో విడతకీ స్వల్ప తేడా ఉంటుంది కాబట్టి కొత్త డబ్బా తెరిచినప్పుడు మోతాదు కొంచెం తగ్గించి చూసుకోవాలి. డబ్బా మీద లాట్ నంబర్ వేసేది అందుకే.

ఇంట్లో మందు దాని సొంత డబ్బాలోనే ఉండాలి, చల్లటి పొడి చోట. మిగిలింది ఖాళీ హార్లిక్స్ సీసాలో పోయడం మనకు అలవాటే కావచ్చు. ఇక్కడ మాత్రం ఆ పని ఎప్పుడూ చేయకూడదు, రేపు అందులో ఏముందో ఎవరికీ తెలియదు. మెజర్‌లో మిగిలింది కూడా పని అయిన వెంటనే డబ్బాలోకి తిరిగి పోసేయాలి. పాత డబ్బా తెరిస్తే పుల్లటి ఘాటు వాసన వచ్చినా, తుప్పు రంగు పొడి కనిపించినా ఆ మందు చెడిపోయినట్టే. దాన్ని తూటాలో పోయకూడదు, అలాగే ఉంచకూడదు కూడా. అలా చెడుతున్న మందు తనంతట తాను వేడెక్కగలదు.

ఆ రోజు తమ్ముడు చెప్పిన జవాబులు ఇవి: ఏఆర్ తరహా రైఫిల్, 55 గ్రెయిన్ల బుల్లెట్లు, వారానికి వందా నూటయాభై ప్రాక్టీస్, మెజర్‌తోనే నింపుతాడు. హెచ్335 కొనమన్నాను. ఎండాకాలం కోసం గరిష్ఠానికి బాగా కిందే ఉండమన్నాను. శనివారం మా గ్యారేజీలో కూర్చుని పుస్తకంలోని ప్రారంభ మోతాదుతో పది తూటాలు నింపాం. నేను పక్కన కూర్చున్నానే గానీ చేయి వేయలేదు. వాడే తూచాడు, వాడే టార్చి వేసి చూశాడు. బల్ల మీద ఒకే ఒక్క మందు డబ్బా. మూత మీద మార్కర్‌తో తేదీ, లాట్ నంబర్ రాస్తూ అడిగాడు: "అన్నా, 77 గ్రెయిన్ల బుల్లెట్లు కొంటే ఇదే వాడొచ్చా?" పుస్తకం వాడి వైపు జరిపాను. పేజీ వాడే తిప్పాడు.